రెండు చేతుల ఎత్తు

చదరంగం పోటీల్లో ఆర్బిటర్ అనే తీర్పరి ఏం చేస్తాడో మా ఇంట్లోనే ఎవరికీ సరిగా తెలియదు. మా అవ్వ బతికి ఉన్నన్నాళ్లు, "మావోడు ఆడేటోళ్ల పక్కన నిలబడతడు" అని వాడకట్టంతా చెప్పేది. ఇరవై ఏడేళ్లు నిలబడి వచ్చాక చెబుతున్నాను, ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. రామన్నపేట వైపు ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉద్యోగం చేస్తూ, సెలవులన్నీ ఈ నిలబడటానికే పెట్టాను. నాకు ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయో, ఏ హోదాలో రిటైర్ అయ్యానో ఇక్కడ రాయను. అవి గోడకు వేలాడుతున్నాయి, దుమ్ము దులిపేవాళ్లు చదువుకుంటారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చేవి నా తప్పులే. అందులోనూ పెద్దది ఒకటుంది, అది తప్పని నాకు తెలిసింది మొన్న మొన్ననే.

అచ్చంపేటలో నా కనుబొమ్మలు

మొదటి తప్పు చెబితే నవ్వుతారు. నవ్వండి.

అచ్చంపేటలో ఒక చిన్న టోర్నమెంటు. అడవి ఊళ్ల నుంచి తేనె కొని అమ్మే యువకుడొకడు, తలపండిన లెక్కల మాస్టారొకాయన ఎదురెదురుగా కూర్చున్నారు. నేను మాస్టారి వెనక నిలబడ్డాను. తేనె వ్యాపారికి గుర్రంతో ఒక ఎత్తు ఉంది. అది వేస్తే మాస్టారి రాజుకు దిక్కులేదు. నాకు కనిపించింది. కనిపించగానే గుర్రం పోవాల్సిన మూలకు చూశాను, తర్వాత గుర్రాన్ని చూశాను, మళ్లీ మూలకు చూశాను. ఆర్బిటరుగా నాకది రెండో పోటీ. ఇలాంటివి కనిపిస్తే ఒళ్లు జలదరించే రోజులు.

ఆ యువకుడు తల ఎత్తి, మాస్టారి భుజం మీదుగా నా మొహం చూశాడు. చూసి, బోర్డు మీదికి వంగి, గుర్రాన్ని తీసి సరిగ్గా అక్కడ పెట్టాడు.

మాస్టారు గొడవ చేయలేదు. లేచి, ఆ చూపు పోయిన వైపే వెనక్కి తిరిగి, కండువా సర్దుకుంటూ అన్నాడు: "ఈ ఎత్తు ఆయన ఆడలే సారూ. మీ కనుబొమ్మలు ఆడినయ్."

భూమి చీలితే బాగుండు అనిపించింది. ఫిర్యాదు రాసి ఇమ్మంటే ఆయన ఇవ్వలేదు. కనుబొమ్మల మీద ఫిర్యాదు ఎట్లా రాయాలో తెలియదన్నాడు. ఓడిపోయి ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాత నేను ఆట చూడటం మానేశాను. బోర్డు మీద ఎవరిది పైచేయో నాకు అనవసరం అనుకుని, చేతులు మాత్రం చూడటం అలవాటు చేసుకున్నాను. ఏ పావును ముట్టుకున్నారు, ఏది వదిలారు, ఏ చేత్తో గడియారం నొక్కారు, ఆడుతూ ఆడుతూ చేయి జేబులోకి ఎందుకు పోతోంది. మన పనంతా అంతే. గెలుపు ఓటములు వాళ్లవి, చేతులు మనవి.

రంగనాథం గారి ప్రశ్న

నాకు ఈ పని నేర్పినాయన రంగనాథం గారు. గోదావరి వైపు మనిషి, తపాలా శాఖలో చేసి రిటైరయ్యాడు. పెద్ద పోటీలన్నిటికీ చీఫ్ ఆర్బిటరుగా ఆయనే వచ్చేవాడు. మా యాసను వెక్కిరించేవాడు, మా జొన్నరొట్టెలు మాత్రం అడిగి తినేవాడు. కోపం ముక్కు మీద ఉండేది కానీ అన్యాయం చేయగా నేను చూడలేదు.

ఏదైనా బల్ల దగ్గర గొడవ జరిగి మేము పరుగెత్తుకుంటూ వెళ్లి, "సార్, ఆ పిల్లవాడు కావాలనే..." అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవాడు.

"నువ్వేం చూశావో చెప్పవయ్యా. కావాలని చేశాడో, కలలో చేశాడో నిన్నెవరు అడిగారు?"

ఏం చూశావ్? ఆయన దగ్గర ఉన్న ప్రశ్న అదొక్కటే. ఏ పావు, ఏ చేయి, గడియారం నొక్కారా లేదా. ఇవి చెప్పగలిగితే నియమం తనంతట తానే వచ్చి పక్కన నిలబడుతుంది. ఎందుకు చేశాడన్నది మన తలకాయలో పుట్టే కథ, దాన్ని హాలు బయట వదిలిపెట్టి రమ్మనేవాడు.

సగం విన్నాను. చూసింది చెప్పడం నేర్చుకున్నాను. కానీ ఎందుకు అనే పురుగు నన్ను వదల్లేదు. చేతులు చూసీ చూసీ, ఆ చేతులు ఏ పని చేసి వచ్చాయో పోల్చుకోవడం నాకొక సరదా అయింది. పావును పైనుంచి రెండు వేళ్లతో చిటికెడు ఉప్పు తీసినట్టు తీస్తే దర్జీ. గుర్రం నెత్తిన అరచేయి పెట్టి అటూ ఇటూ ఊపుతూ ఆలోచిస్తే డ్రైవరు. చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లలు పావును అడుగు నుంచి పట్టి, ఒలికిపోతుందేమో అన్నంత మెల్లగా దించుతారు. టీ విరామంలో తోటి ఆర్బిటర్లతో పందెం కాసేవాణ్ని. చాలాసార్లు గెలిచాను కూడా. గెలిచేకొద్దీ నాకు చేతులు చదవడం వచ్చుననే పొగరు పెరిగింది.

చౌటుప్పల్‌లో చివరి రౌండు

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, జాతీయ మహిళల పోటీ మా వైపు పెట్టారు. చౌటుప్పల్ దగ్గర హైవే మీద పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు. వేదిక మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీలు రెండు అలాగే ఉండిపోయాయి. రంగనాథం గారు వాటి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేమంతా నవ్వితే, తనకు ఒక పెళ్లే ఎక్కువైందన్నాడు.

ఆడేవాళ్లలో స్వరూప ఉంది. మా దిక్కు పిల్ల, పద్మశాలీల బిడ్డ, అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఇంట్లో మగ్గం నడిచేది. తెల్లవారి లేచి నేసి, తర్వాత చదరంగం ముందు కూర్చునేది. నా బడిలోనే చదివింది, ఆట నా దగ్గరే మొదలుపెట్టింది. మొదలుపెట్టింది అనే అంటాను. అప్పట్లో బడిలో నాలుగు బోర్డులు, ఒకే గడియారం, ముప్పై మంది పిల్లలు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గంట కొట్టేలోపు అందరికీ ఆట రావాలి. కాబట్టి నేను నేర్పింది ఎత్తులు తక్కువ, తొందర ఎక్కువ. మిగతాదంతా ఆమె సొంతంగా నేర్చుకుంది.

చివరి రౌండుకు వచ్చేసరికి ఆమె సంగతి ఇదీ: గెలిస్తే మొదటి పదిమందిలో ఉంటుంది. పదిమందిలో ఉంటే ఒక సంస్థవాళ్లు క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి పిలుస్తారు. వయసు గడువు ఆ ఏడాదితో ఆఖరు. డ్రా అయినా లాభం లేదు. ఈ లెక్కంతా నాకు తెలుసు, ఎందుకంటే ఆమె బాపు యాదగిరి పొద్దున గేటు దగ్గర నన్ను ఆపి చెప్పాడు. ఏమీ అడగలేదు, చెప్పాడంతే. అతని చేతిలో బిడ్డ టిఫిన్ డబ్బా ఉంది.

ఆమె ఆడే బల్ల ఉన్న వరస నా వంతుకే వచ్చింది. నా శిష్యురాలు, నన్ను వేరే వరసకు మార్చండని రంగనాథం గారికి చెప్పాల్సింది. చెప్పలేదు. మన పిల్ల ఎట్లా ఆడుతుందో దగ్గరుండి చూడాలన్న ఆశ. ఇది తప్పని అప్పుడే తెలుసు. మీరు చేయకండి.

ఇక ఆ నియమం సంగతి చెప్పాలి. ఎదుటివాళ్ల పావును చంపేటప్పుడు ఒక చేత్తో దాన్ని తీసి, ఇంకో చేత్తో మన పావు పెట్టి గడియారం నొక్కకూడదు. మొత్తం ఒక చేత్తోనే జరగాలి. అంతకుముందు ఎవరైనా రెండు చేతులు వాడితే ఒక మాట చెప్పి వదిలేసేవాళ్లం. అప్పటికి కొత్తగా వచ్చిన నియమం ప్రకారం అది చెల్లని ఎత్తు. మొదటిసారికి ఎదుటివాళ్లకు రెండు నిమిషాలు అదనం. రెండోసారి చేస్తే ఆట పోయినట్టే. మొదటి రోజు రంగనాథం గారు అందరికీ చదివి వినిపించాడు, స్వరూప ముందు వరసలో కూర్చుని తలాడించడం నేను చూశాను.

మూడు గంటల ఆట అయ్యాక ఇద్దరి దగ్గరా సమయం అయిపోవచ్చింది. ఎదురుగా ఉన్నది పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి. స్వరూప ఎడమచేత్తో బంటును తీసి, కుడిచేత్తో అక్కడ ఏనుగును పెట్టి, గడియారం నొక్కింది. ఆ అమ్మాయి వెంటనే చెయ్యెత్తి నన్ను పిలిచింది. గడియారం ఆపి, ఆమెకు రెండు నిమిషాలు కలిపి, స్వరూపకు మెల్లగా చెప్పాను. "అయ్యో, అవును సార్" అని నాలుక కరుచుకుంది. ఎడమచేయి తీసి తొడ కింద పెట్టుకుని కూర్చుంది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

తర్వాత పన్నెండు ఎత్తుల వరకూ ఆ చేయి తొడ కిందే ఉంది. నేను ఆట చూడనని చెప్పాను కదా. ఆ రోజు చూశాను. స్వరూప గెలుస్తోంది. ఒక బంటు ఎక్కువ ఉంది, అది ఇంకో రెండు గళ్లు నడిస్తే మంత్రి అవుతుంది. దానికి అడ్డం ఒక్క గుర్రం. ఆ గుర్రాన్ని చంపాలి, చంపడానికి ఏనుగు ఉంది. గడియారంలో తొమ్మిది సెకన్లున్నాయి.

తొడ కింది నుంచి ఎడమచేయి ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు. గుర్రం ఎడమచేతిలో ఉంది, ఏనుగును కుడిచేయి పెట్టింది, అదే చేయి గడియారాన్ని కొట్టింది.

ఎదుటి అమ్మాయి చూడలేదు. తల వంచి కాగితం మీద ఎత్తు రాసుకుంటోంది. పక్క బల్లలవాళ్లు వాళ్ల ఆటల్లో ఉన్నారు. నా వెనక గోడ. ఆ హాలు మొత్తంలో చూసింది నేనొక్కణ్నే.

గేటు దగ్గర యాదగిరి గుర్తొచ్చాడు. కంచే చేను మేస్తే ఇక అడిగేవాడెవరన్న మాటా గుర్తొచ్చింది. ఎదుటి అమ్మాయికీ ఒక బాపు ఉంటాడు కదా. రెండడుగులు ముందుకు వేసి గడియారం ఆపాను.

రంగనాథం గారు వేదిక దిగి వచ్చాడు. "ఏం చూశావ్?" అన్నాడు. చెప్పాను. ఎడమచేయి గుర్రాన్ని తీసింది, కుడిచేయి ఏనుగును పెట్టింది, గడియారం నొక్కింది, ఇది రెండోసారి.

ఆయన స్వరూప వైపు తిరిగాడు. ఆమె తన రెండు చేతులనూ బల్ల మీద పెట్టి చూసుకుంటోంది. ఇంకా ఎడమ గుప్పిట్లోనే గుర్రం ఉంది. "నిజమే సార్. రెండు చేతులు పెట్టిన" అంది. కాగితం మీద ఓటమి సంతకం చేసి, ఎదుటి అమ్మాయికి చెయ్యి కలిపి, పావులన్నీ వాటి గళ్లలో సర్ది మరీ లేచింది.

నేను అల్లిన కథ

బయట యాదగిరి ఎదురొచ్చాడు. బిడ్డ నేరుగా వెళ్లి బండి దగ్గర నిలబడింది. గడియారం ఆపినవాణ్ని నేనే కాబట్టి ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

"మగ్గం అలవాటు యాదగిరీ. రెండు చేతులు ఒక్కపారే పనిచేస్తయి. ఆమె తప్పు గాదు" అన్నాను.

అతను టిఫిన్ డబ్బా చేయి మార్చుకుని, "గట్లనే కావచ్చు సార్" అన్నాడు.

ఆ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత స్వరూప పెద్ద పోటీలకు రావడం తగ్గిపోయింది. నాకు బాధ లేదని అబద్ధం చెప్పను. చాలా రోజులు అన్నం సయించలేదు. కానీ ఆ బాధకు మందులా నా మగ్గం కథ దొరికింది. కొత్త ఆర్బిటర్లకు ఎక్కడ శిక్షణ తరగతులు జరిగినా, మహబూబ్‌నగర్ అయినా నల్లగొండ అయినా, ఆ కథ చెప్పేవాణ్ని. కుడిచేయి తాడు గుంజుతుంది, పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది, ఎడమచేయి పోగును బిగించే చెక్కను కొడుతుంది. నేను చేతులతో ఆడించి చూపిస్తుంటే తరగతంతా రాసుకోవడం మానేసి చూసేది. కులవృత్తి మనిషి చేతుల్లో ఎట్లా కూర్చుంటుందో చూడండి అని ముగించేవాణ్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఏటేటా కథ ఇంకొంచెం నునుపెక్కింది. రంగనాథం గారు బతికి ఉంటే, "ఇందులో నువ్వు చూసిందెంతవయ్యా?" అని అడిగేవాడు. ఆయన అప్పటికే లేడు.

నల్లగొండలో చివరి తరగతి

పోయిన ఎండాకాలం నల్లగొండలో నా చివరి శిక్షణ తరగతి. ఇరవై మంది దాకా వచ్చారు. హాజరు పిలుస్తుంటే వెనక వరసలో స్వరూప లేచింది. జుట్టులో రెండు మూడు తెల్ల వెంట్రుకలు. చౌటుప్పల్‌లో పిల్లలకు చదరంగం నేర్పుతోందట, ఆర్బిటర్ పరీక్ష రాయడానికి వచ్చిందట. నాకు పట్టరాని సంతోషమైంది. ఆ సంతోషంలో, ఆమె ముందే, పేరు చెప్పకుండా మగ్గం కథ మొత్తం చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

టీ విరామంలో అందరూ బయటికి వెళ్లాక ఆమె నా దగ్గరకు వచ్చింది.

"సార్, ఒక మాట అంటే ఏమనుకోరు గద?"

అనమన్నాను.

"మగ్గం మీద రెండు చేతులు ఒక్క జాగకు రావు సార్. కుడిచెయ్యి తాడు ఇడువది, ఎడమచెయ్యి చెక్క ఇడువది. ఒకదాని జాగకు ఇంకోటి పోతే పోగు తెగుతది. చిన్నప్పటి సంది నేస్తున్న, నాకు తెల్వదా?"

"మరి ఆ పొద్దు గట్లెందుకైంది?"

"మీరే నేర్పిండ్రు సార్. ఎడమచేత్తోని తియ్యి, కుడిచేత్తోని పెట్టు, గంట కొడతరు అని. మా అందరికి గట్లనే నేర్పిండ్రు."

"నేనా? నేనట్ల ఎన్నడు చెప్పలే" అన్నాను. నిజంగానే అనుకున్నాను. ఇన్నేళ్లు చేతులు చూసిన మనిషిని, నేనట్లా నేర్పుతానా అని కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆమె బల్ల మీదున్న బోర్డును నా ముందుకు జరిపి, ఇద్దరికీ రెండేసి పావులు పెట్టి, గడియారంలో పది సెకన్లు పెట్టింది. "బడి గంట కొడుతుండ్రు అనుకొని ఆడుండ్రి సార్" అని గడియారం నొక్కింది. ఆమె గుర్రాన్ని చంపే ఎత్తు నాకుంది. చంపాను.

గడియారం ఆగింది. ఆపింది ఆమె. చెయ్యెత్తి, బల్లకేసి చూస్తోంది. నేనూ చూశాను. గుర్రం నా ఎడమచేతిలో ఉంది.

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. ముప్పై మంది పిల్లలు, ఒకే గడియారం, నా ఈల, నా కేకలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నియమం ఆమె ఉద్యోగం తీసిందని ఇన్నేళ్లు ఓదార్చుకున్నాను. మగ్గం తీసిందని ఊరూరా చెప్పాను. తీసింది నేను. ఆ మాట ఆమెతోనే అనేశాను, కళ్లలో నీళ్లు ఆగలేదు.

"తీర్పు తప్పు గాదు సార్. మీరు ఆపకపోతే నేనే చెప్తుంటి గావచ్చు, చెప్పకపోతుంటి గావచ్చు, ఇప్పుడెట్ల తెలుస్తది" అంది స్వరూప. "ఉద్యోగం పోయిందని ఏడ్చిన. మీ మీద కోపం గూడ వచ్చింది. గానీ మగ్గాన్ని అన్నందుకే నాకు ఎక్కువ బాధయింది. బాపు ఆ మాట పట్టుకొని రెండేండ్లు నన్ను మగ్గం ముట్టనియ్యలే."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"మీరు అడగలే గద సార్."

టీ అయిపోయి అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. నేను తరగతి ముందు నిలబడి, పొద్దున చెప్పిన కథలో నేను చూసినంత మటుకే మళ్లీ చెప్పాను. ఎడమచేయి గుర్రాన్ని తీసింది, కుడిచేయి ఏనుగును పెట్టింది, గడియారం నొక్కింది. మగ్గం సంగతి నేను కల్పించినదని చెప్పాను. ఆ ఆట ఆడినామె ఇక్కడే ఉంది, ఎందుకట్లా జరిగిందో ఆమెనే అడగమన్నాను.

స్వరూప లేచి ముందుకు వచ్చింది. నేను వెనక వరసకు వెళ్లి, ఆమె లేచిన కుర్చీలో కూర్చుని, అందరితో పాటు చెయ్యెత్తాను.